ఉతికిన గుడ్డ న్యాపీలు తడవగానే ఘాటు వాసన, పాపకు ఎర్రగా కందిపోయింది

పాపాయి_అమ్మ (మియాపూర్) | జూలై 8, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మా పాపకు ఏడో నెల. మూడో నెల నుంచి గుడ్డ న్యాపీలే కడుతున్నాను. మొత్తం పద్దెనిమిది ఉన్నాయి. పైన నీళ్ళు దిగని కవరు, లోపల నూలు ప్యాడ్లు. మొదటి రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఉతికి ఆరేసి మడతపెట్టేటప్పుడు ఏ వాసనా ఉండదు కానీ, పాప ఒక్కసారి తడిపిందంటే చాలు, ముక్కు పుటాలు అదిరిపోతాయి. పొద్దున్నే రాత్రి న్యాపీ విప్పితే కళ్ళు మండుతాయి. మాటవరసకు చెప్పడం లేదు, నిన్న నిజంగానే నీళ్ళు కారాయి.

నేను ఉతికే పద్ధతి ఇది. విప్పినవి విప్పినట్టు నీళ్ళ బకెట్‌లో వేస్తాను. సాయంత్రం పిల్లల సబ్బు బిళ్ళతో కొద్దిగా రుద్ది, మెషీన్‌లో మామూలు కొలతలో పావు వంతే పొడి వేసి తిప్పుతాను. పొడి ఎక్కువైతే పాప చర్మానికి పడదని భయం. చివర్లో బట్టలు మెత్తబడే ద్రవం ఒక మూత, గాయాలు కడిగే యాంటీసెప్టిక్ ఒక మూత.

పది రోజులుగా తొడల మధ్య, పిర్రల మీద ఎర్రగా కందిపోయి ఉంది. కడిగితే కేకలు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రోజు తగ్గినట్టే ఉంటుంది, మానితే మళ్ళీ మొదలు. పళ్ళు వస్తున్నాయి కాబట్టి అలాగే ఉంటుందని అత్తయ్య అంటున్నారు. గుడ్డలు మానేయమని మావారు. ఏం చేయాలో తోచడం లేదు.

ఇద్దరి_నాన్న (విజయవాడ) | జూలై 8, రాత్రి 11:52

మా ఇంట్లో న్యాపీల శాఖ నాదే, కాబట్టి ధైర్యంగా మాట్లాడతాను. ముందు మూడు ప్రశ్నలు. మీకు వచ్చేది బోరు నీళ్ళా, నల్లా నీళ్ళా? మెషీన్ తలుపు పైనా, ముందా? ఒక్కో విడతలో ఎన్ని న్యాపీలు వేస్తారు?

వాసనలు రెండు రకాలు, కలిపేయవద్దు. సరిగా ఆరక వచ్చే ముక్కిన వాసన ఒకటి, ఆరిన గుడ్డలోనే తెలిసిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు ఏమీ లేక, తడవగానే గుప్పున లేచేది రెండోది. మీది రెండోది. అంటే పాత మూత్రం గుడ్డలోంచి పూర్తిగా పోవడం లేదు.

అమలాపురం_అమ్మమ్మ | జూలై 9, ఉదయం 5:40

అమ్మాయీ, మా రోజుల్లో ఈ ప్యాడ్లు, కవర్లు ఎక్కడివి? పాత పంచె చింపి చతురంగా కత్తిరిస్తే అదే బిడ్డకు గుడ్డ. ఒక్క పొర. తడపగానే తెలిసిపోయేది, వెంటనే మార్చేవాళ్ళం. బావి దగ్గర జాడించి దండెం మీద వేస్తే అరగంటలో ఎండేది. కంపు రావడానికి దానికి తీరిక ఉండేదా? మీ ప్యాడ్లు నాలుగైదు పొరలు. పై పొర ఆరితే లోపల ఆరిందనుకుంటారు.

మా ఊళ్ళో చాకలివారు చవుటి మట్టి నీళ్ళలో తడిపి ఉబ్బ వేసేవారు. ఆ ఆవిరికి ఎంతటి మురికైనా వదలవలసిందే. ఇప్పుడు ఆ బానలు ఎక్కడున్నాయి, ఆ ఓపిక ఎవరికుంది. కనీసం వారానికోసారి ఆ నూలు ప్యాడ్లను మరుగుతున్న నీళ్ళలో వేసి చూడు. కవర్లు మాత్రం వేయకు, మా మనవరాలివి ముడుచుకుపోయాయి. తిట్లు తిన్నాను.

పాపాయి_అమ్మ | జూలై 9, మధ్యాహ్నం 2:15

అమ్మమ్మగారూ, తిట్ల మాట చదివి నవ్వాను. నాలుగు రోజుల తరువాత మొదటిసారి.

అన్నయ్యగారూ, మాది అపార్ట్‌మెంటు బోరు. వేసవిలో బోరు అడుగంటితే ట్యాంకర్ నీళ్ళు తెప్పించారు, ఇప్పటికీ రెండూ కలిసే వస్తున్నాయి. ఏప్రిల్ దాకా మా అమ్మగారింట్లో ఉన్నాను, అక్కడ నల్లాలో మంజీరా నది నీళ్ళు. ఇది రాస్తుంటే ఇప్పుడే తట్టింది: వాసన మొదలైంది ఇక్కడికి వచ్చాకే! మెషీన్ ముందు తలుపుది. పద్దెనిమిదీ ఒకేసారి కుక్కుతాను.

నీటి_పరీక్ష (ఒంగోలు) | జూలై 9, సాయంత్రం 6:30

నా ఉద్యోగమే నీళ్ళు పరీక్షించడం, అందుకే ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మీ బకెట్ అడుగున, కుళాయి మూతి దగ్గర తెల్లటి గట్టి పొర కట్టిందా? తల స్నానం చేస్తే జుట్టు జిగటగా ఉంటోందా? అయితే మీ నీళ్ళు కఠిన జలం. మనవాళ్ళు ఉప్పునీళ్ళు అని ఊరుకుంటారు కానీ, ఇక్కడ బాధ పెట్టేది తినే ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం లవణాలు.

సబ్బు బిళ్ళ ఈ లవణాలతో కలిస్తే నురగ రాదు, విరిగిన పాలలా తెల్లటి జిడ్డు తరకలు కడుతుంది. ఆ జిడ్డు నీళ్ళతో పోదు, గుడ్డ పోగులకు అంటుకుంటుంది. దాని కింద మూత్రం, బాక్టీరియా భద్రంగా ఉంటాయి. మూత్రంలోని యూరియాను ఈ బాక్టీరియా అమ్మోనియాగా విడగొడుతుంది. కళ్ళు మండించేది అదే. అప్పుడే పోసిన మూత్రానికి ఇంత ఘాటు ఉండదు. రాత్రంతా వెచ్చగా, తడిగా, మూసి ఉన్న న్యాపీ ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. మీరు పగలంతా నానబెట్టే బకెట్ కూడా అంతే.

మీరు బిడ్డ మీద ప్రేమతో చేసినవే నాలుగూ ఎదురు తిరిగాయి. పిల్లల సబ్బు బిళ్ళ జిడ్డు కట్టింది. పొడి తగ్గించడం వల్ల ఉన్న కాస్త పొడీ నీటిలోని లవణాలతో పోరాడడానికే అయిపోయింది, మురికి దాకా రాలేదు. మెత్తబరిచే ద్రవం పోగుల మీద పూత పూస్తుంది, గుడ్డ తడి పీల్చడం తగ్గుతుంది. యాంటీసెప్టిక్ అవశేషం తడి చర్మానికి అంటి మంట పెట్టగలదు.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. చుక్కలు వేసి చూసే పరీక్ష కిట్లు దొరుకుతాయి. ఒకసారి చూసి చెప్పండి.

వద్దంటే_వద్దు | జూలై 9, రాత్రి 9:05

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కొనే డైపర్ వేయండి, విప్పి పారేయండి. ఉద్యోగం, వంట, బిడ్డ, మధ్యలో రసాయన శాస్త్రం కూడానా?

ఇద్దరి_నాన్న | జూలై 9, రాత్రి 9:20

అడుసు తొక్కేది మనం కాదండీ, పిల్లలు. కాలు కడిగేది మాత్రం మనమే.

డైపర్ వేసినా కందదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. మా పెద్దవాడికి అవి వేసినప్పుడే ఎక్కువ వచ్చింది, ఎందుకంటే బరువెక్కేదాకా మార్చేవాళ్ళం కాదు. తప్పు డైపర్‌ది కాదు, మాదే.

పాపాయి_అమ్మ | జూలై 10, రాత్రి 10:10

కిట్ తెప్పించాను. 520 వచ్చింది. బకెట్ అడుగున పొర మాట అడగనే వద్దు, అది బకెట్‌లో భాగమనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు ఏం చేయాలి? నీళ్ళ కోసం ఇల్లు మారలేను కదా.

నీటి_పరీక్ష | జూలై 10, రాత్రి 10:45

అక్కరలేదు. కిరాణా కొట్టులో చాకలి సోడా అడగండి, సోడియం కార్బనేట్. వంట సోడా వేరు, అది ఇక్కడ సరిపోదు. లెక్క తేలిక: కాఠిన్యం ఎన్ని గ్రాములుంటే సోడా కూడా దాదాపు అన్నే గ్రాములు. మీ నీళ్ళలో 15 లీటర్ల బకెట్‌కు 8 గ్రాములు, అంటే చిన్న చెంచాతో రెండు చెంచాల పొడి. మెషీన్ ఉతుకుకు 40 లీటర్లు తీసుకుంటుందనుకుంటే 22 గ్రాములు. గడ్డలుగా దొరికే సోడాలో నీరు కూడా ఉంటుంది, అది రెండున్నర రెట్లు పైగా పడుతుంది. చేతికి గ్లవుజు వేసుకోండి, ఒట్టి చేతులతో కలిపితే చర్మం పొట్టు లేస్తుంది.

పేరుకున్న పొర పోవడానికి ఒకసారి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, వాడండి. గోరువెచ్చటి బకెట్ నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కరిగించి, శుభ్రంగా జాడించిన నూలు ప్యాడ్లను గంట నానబెట్టి, మళ్ళీ జాడించి, తరువాత సోడాతో, పూర్తి కొలత పొడితో వేడి నీళ్ళ ఉతుకు. నిమ్మ ఉప్పూ సోడా ఒకే బకెట్‌లో వేస్తే బుసబుస పొంగి ఒకదాన్నొకటి చంపేస్తాయి, రెండూ వృథా.

ఇంకొకటి, చాలా ముఖ్యం. ఈ వాసన చూసి ఎవరైనా బ్లీచింగ్ పొడి వేయమంటారు. అమ్మోనియా నిండిన గుడ్డలో బ్లీచ్ పడితే విష వాయువు పుడుతుంది. నిమ్మ ఉప్పుతో కలిసినా అంతే, క్లోరిన్ వస్తుంది. తలుపు మూసిన స్నానాల గదిలో అసలే వద్దు.

క్రాయిడన్_తల్లి (లండన్) | జూలై 11, తెల్లవారుజామున 3:30

పాలు పడుతూ చదువుతున్నాను. అనంతపురం బోరు నీళ్ళు తప్పించుకున్నానని సంబరపడి ఇక్కడికి వస్తే కెటిల్ అడుగున అదే తెల్ల పొర. లండన్ చుట్టుపక్కల నేల అంతా సుద్దరాయి, అందులోంచి ఊరిన నీళ్ళు కఠినంగానే ఉంటాయి. కాబట్టి ఈ కష్టం నాకు కొత్త కాదు.

మీ మెషీన్ గురించి ఒక మాట. ముందు తలుపు మెషీన్ బరువును బట్టి నీళ్ళు తీసుకుంటుంది, చాలా తక్కువ. న్యాపీలు కుక్కితే ఒకదాని మురికి నీళ్ళు ఒకటి పీల్చుకుని కూర్చుంటాయి. మరీ తక్కువ వేసినా ఒరుసుకోవడానికి తోడు లేక శుభ్రపడవు. డ్రమ్ములో మూడు వంతులు నిండితే చాలు. ముందు చన్నీళ్ళతో, కొద్ది పొడితో ఒక చిన్న ఉతుకు. ఆ నీళ్ళు పోయాక 60 డిగ్రీల దగ్గర పొడవైన ఉతుకు, పూర్తి కొలత పొడి. చివర్లో అద్దం తలుపు లోంచి చూడండి, నురగ కనిపిస్తే ఇంకొకసారి జాడింపు. పొడి ఎక్కువైతే ఏమవుతుందో అన్న భయం నాకూ ఉండేది. బాగా జాడించిన గుడ్డలో పొడి మిగలదు, సరిగా ఉతకని గుడ్డలో మూత్రం మిగులుతుంది. బిడ్డ చర్మానికి ఏది నయం?

పిల్లల_వార్డు (నర్సు, వరంగల్) | జూలై 11, మధ్యాహ్నం 1:00

బట్టల సంగతి అందరూ చెప్పారు. నేను చర్మం గురించి చెబుతాను. అమ్మోనియా చర్మం మీద క్షారగుణం పెంచుతుంది. ఆ క్షారంలో మలంలోని ఎంజైములు చురుకెక్కి చర్మాన్ని తినేస్తాయి. అందుకే దొడ్డికి వెళ్ళిన న్యాపీ ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు. మిగతావి రెండు మూడు గంటలకోసారి మార్చండి, ఎండగా ఉన్నా లేకున్నా.

కడగడానికి గోరువెచ్చటి మామూలు నీళ్ళు, మెత్తటి గుడ్డ. రుద్దవద్దు, అద్దండి. సువాసన తుడుపు కాగితాలు ఆపేయండి. రోజుకు మూడు నాలుగు సార్లు పావుగంట చొప్పున ఏమీ కట్టకుండా చాప మీద వదలండి. మన ఇళ్ళలో ఇది కొత్త వైద్యం కాదు. తరువాత జింక్ ఆక్సైడ్ క్రీము, వెన్న పూసినట్టు మందంగా. మార్చిన ప్రతిసారీ పాత క్రీమంతా గోకి తీయనవసరం లేదు, మురికైన పై పొర తుడిచి మళ్ళీ పూయండి. క్రీము గుడ్డకు అంటి తడి పీల్చకుండా చేస్తుంది కాబట్టి మధ్యలో పలుచటి పాత పంచె ముక్క వేయండి. పౌడరు వద్దు, బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిట్లిన చర్మం మీద సున్నిపిండి, పసుపు కూడా వద్దు. మొదట్లో పైపైన కందినప్పుడు కొబ్బరి నూనె అయితే సరే.

ఆ షాపు ట్యూబు మీద ఏమని రాసి ఉంది? బిడ్డ పాకడం మొదలుపెట్టిందా? అయితే నానబెట్టిన ఆ బకెట్‌ను ఈరోజే తలుపు వెనక్కి పెట్టండి. రెండు అంగుళాల నీళ్ళు చాలు, పిల్లలు తలకిందులైతే లేవలేరు. మా వార్డులో చూశాను, అంతకంటే చెప్పను.

పాపాయి_అమ్మ | జూలై 11, రాత్రి 8:40

బకెట్ తీసేశాను. ఇక నానబెట్టడం లేదు. తడిసినవి వెంటనే జాడించి, గాలి ఆడే వలబుట్టలో వేస్తున్నాను, ఒకరోజు మించి ఉంచడం లేదు.

ట్యూబు మీద మూడు పేర్లు ఉన్నాయి: బీటామెథాసోన్, నియోమైసిన్, క్లోట్రిమజోల్.

పిల్లల_వార్డు | జూలై 11, రాత్రి 8:55

అనుకున్నాను. రెండోది బాక్టీరియాకు, మూడోది శిలీంధ్రానికి వాడే మందులు, మొదటిది మాత్రం గట్టి స్టెరాయిడ్. న్యాపీ కింద మూసి ఉన్న పలుచటి చర్మం ఆ స్టెరాయిడ్‌ను మామూలుకంటే ఎక్కువగా లోపలికి పీల్చుకుంటుంది. ఎరుపు త్వరగా తగ్గినట్టు కనిపిస్తుంది, చర్మం పలచబడుతుంది, మానగానే తిరగబెడుతుంది. సంవత్సరం నిండని బిడ్డకు డాక్టరు చూసి చెప్పకుండా ఇటువంటివి రాయకండి. ఎన్ని రోజులు రాశారో పిల్లల డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పాపాయి_అమ్మ | జూలై 14, సాయంత్రం 5:10

కొత్త సంగతులు. నిమ్మ ఉప్పు నీళ్ళలో ప్యాడ్లు నానితే నీళ్ళు బియ్యం కడుగులా మసకబారాయి. అంత తీసుకుని ఎలా బతికాయో ఆ గుడ్డలు! రెండు వేడి ఉతుకులు, చాకలి సోడా, పూర్తి కొలత పొడి, మెత్తబరిచే ద్రవం బంద్. నిన్న పగలు తొమ్మిది న్యాపీలు మార్చాను, ఒక్కటీ ఘాటు కొట్టలేదు. రాత్రిది మాత్రం కొంచెం ఉంది, కళ్ళు మండేంత కాదు.

కానీ కందడం తగ్గలేదు. పిర్రల మీద పలచబడింది, తొడల మడతల లోపల ఇంకా ఎర్రగా, మాంసం ముద్దలా ఉంది. అంచు చుట్టూ ఆవగింజలంత ఎర్ర చుక్కలు కొత్తగా వచ్చాయి. వాసన పోతే ఇదీ పోతుందనుకున్నాను.

ఇద్దరి_నాన్న | జూలై 14, సాయంత్రం 5:40

నేనూ అలాగే అనుకున్నాను. గుడ్డల వైపు ఇక తప్పు లేదనిపిస్తోంది. నర్సమ్మగారూ, చూస్తున్నారా?

పిల్లల_వార్డు | జూలై 14, రాత్రి 7:30

చూశాను. మూత్రంతో కందినది సాధారణంగా గుడ్డ ఆనే ఎత్తు భాగాల్లో ఉంటుంది, మడతల లోపల ఉండదు. మడతల్లోనే ముదురు ఎరుపు, చుట్టూ విడివిడి చుక్కలు ఉంటే కాండిడా అనే శిలీంధ్రం అనుమానించాలి. చూడకుండా నేను తేల్చకూడదు, రేపే డాక్టరుకు చూపించండి. ఈ నెలలో పాపకు యాంటీబయాటిక్ ఏమైనా పట్టించారా? నోట్లో తెల్ల పొర ఉందా?

పాపాయి_అమ్మ | జూలై 14, రాత్రి 7:50

జూన్ చివర్లో చెవి నొప్పికి ఐదు రోజులు పట్టించాం. ఆ వెంటనే రెండు రోజులు నీళ్ళ విరేచనాలు కూడా అయ్యాయి. ఇవన్నీ ఒకదానికొకటి కలుస్తాయని నాకు తోచనే లేదు.

పాపాయి_అమ్మ | జూలై 15, మధ్యాహ్నం 12:30

చూపించాం. శిలీంధ్రమే. ఒట్టి క్లోట్రిమజోల్, రోజుకు రెండుసార్లు పలుచగా, చర్మం బాగుపడ్డాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు. పైన జింక్ క్రీము. షాపు ట్యూబు చెత్తబుట్టలో పడేయించారు. నోట్లో ఏమీ లేదు. రాత్రిపూట కొన్నాళ్ళు కొనే డైపర్ వేసుకోండి, తడి తక్కువ తగులుతుంది అన్నారు. వద్దంటే_వద్దు గారూ, సగం మీరు గెలిచారు.

వద్దంటే_వద్దు | జూలై 15, మధ్యాహ్నం 12:41

సగం చాలు. పాప హాయిగా నిద్రపోతే నాకు ఇంకేం కావాలి.

క్రాయిడన్_తల్లి | జూలై 15, రాత్రి 11:15

ఆ వారం తొడిగిన న్యాపీలు, పంచె ముక్కలు అన్నీ వేడి నీళ్ళలోనే ఉతకండి. నూలు ప్యాడ్లు బాగా ఆరేదాకా మడతపెట్టకండి.

పాపాయి_అమ్మ | జూలై 18, ఉదయం 10:00

ఆరడమే ఇప్పటి బాధ. నాలుగు రోజులుగా ముసురు. బాల్కనీలో వేసినవి రెండో రోజుకూ చల్లగానే ఉన్నాయి, ఘాటు పోయింది, ముక్కిన వాసన వచ్చింది.

అమలాపురం_అమ్మమ్మ | జూలై 18, ఉదయం 10:20

ముసురులో ఆరేయడం మా కోనసీమ వాళ్ళను అడగాలి! ఆషాఢం మొదలైతే ఇంట్లో ప్రతి కిటికీకి ఒక తాడు. ఫ్యాను కింద, ఒక్కో గుడ్డకు మధ్య జానెడు ఖాళీ వదిలి వేయి. ప్యాడ్లు మడతవైతే పూర్తిగా విప్పు. పొద్దున పూట ఉతుకు, సాయంత్రం ఉతికితే రాత్రంతా తడే. మడతపెట్టే ముందు ఇస్త్రీ పెట్టె ఒకసారి తిప్పు, లోపల తడి ఉంటే ఆవిరి లేచి చెప్పేస్తుంది. సాంబ్రాణి పొగ వేస్తే వాసన కప్పుకుంటుంది కానీ పోదు. ముక్కినదాన్ని మళ్ళీ ఉతకాల్సిందే, దగ్గర దారి లేదు.

ఇద్దరి_నాన్న | జూలై 18, ఉదయం 10:50

కవర్లకు మాత్రం ఇస్త్రీ పెట్టవద్దు. ఆ తిట్లు నేను తిన్నాను.

పాపాయి_అమ్మ | జూలై 29, రాత్రి 9:30

పాప చర్మం మామూలుగా ఉంది. మూడు రోజులుగా రాత్రి కూడా గుడ్డే, రెండు ప్యాడ్లు వేసి, అర్ధరాత్రి పాల సమయంలో ఒకసారి మారుస్తున్నాను. పొద్దున కాస్త వాసన ఉంటుంది, అంతే. చివరి జాడింపుకు వారానికి రెండుసార్లు అమ్మగారింటి నుంచి మంజీరా నీళ్ళు క్యాన్లో తెస్తున్నారు మావారు. స్కూటర్ మీద నీళ్ళ క్యాను చూసి వాచ్‌మన్ నవ్వుతాడు.

చిన్న సైజు కవర్లు ఇక పట్టడం లేదు. మా చెల్లికి నవంబర్‌లో కాన్పు, దాని కోసం ఇనప్పెట్టెలో దాచాను, నాలుగు కలరా ఉండలు వేసి.

పిల్లల_వార్డు | జూలై 29, రాత్రి 9:36

ఉండలు తీసేయండి. కలరా ఉండల్లో సాధారణంగా ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు తీవ్రం కావచ్చు. పుట్టగానే ఏ బిడ్డకు ఆ లోపం ఉందో పైకి కనిపించదు. ఇప్పటికే పెట్టిన కవర్లు ఉతికి, గాలికి ఎండకు వదలండి, ఆ వాసన పూర్తిగా పోయేదాకా ఇవ్వవద్దు.

పాపాయి_అమ్మ | జూలై 29, రాత్రి 10:05

తీసేశాను. పెట్టె బాల్కనీలో తెరిచి పెట్టాను, కవర్లు పొద్దున మెషీన్‌లో వేస్తాను. ఎండు వేపాకు ఉంది, పాత దిండు గలీబులో కట్టి ఇస్తానంటున్నారు అత్తయ్య.